వామి నీడన పూసిన చేమంతి: పర్లాకిమిడి మడిలో రాత్రి లెక్క

గజపతి జిల్లా పర్లాకిమిడిని ఆనుకొని ఉన్న ఒక పల్లెలో, రోడ్డు పక్కన 12 సెంట్ల పసుపు చేమంతి మడి ఉంది. ఒడిశా రికార్డుల్లో ఇది 12 డెసిమిల్. సెంటు అన్నా డెసిమిల్ అన్నా ఎకరంలో వందో వంతే. 2025 జూలై మొదటి వారంలో, పునర్వసు కార్తె వచ్చే వేళకు పిలకలు నాటారు. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల ఎడం ఉంచారు. నాలుగు వారాలకు తలలు తుంచారు. నీరు, ఎరువు, కలుపుతీత మడంతా ఒకే తీరున సాగాయి. ఆ ఏడు కార్తీకం అక్టోబరు 22న మొదలు. దీపావళి దాటగానే మొదటి కోత బజారుకు చేరాలన్నది రైతు లెక్క.

అక్టోబరు 12న చూసేసరికి మడి రెండుగా చీలి ఉంది. రోడ్డుకు దూరంగా ఉన్న సగం పైగా మొక్కలు రంగు తిరిగిన మొగ్గలతో నిండుగా ఉన్నాయి. రోడ్డు వైపు మూల మాత్రం పచ్చటి ఆకు తప్ప ఏమీ లేదు. ఆ మొక్కలు నీరసంగా లేవు. పూతకొచ్చిన వాటికంటే జానెడు ఎత్తు, ముదురాకుపచ్చ, లావు కాండం. ఆరోగ్యం ఇంత బాగుండీ పూయకపోవడమే ఈ కేసులో మొదటి ఆధారం.

అప్పటికే రైతు రెండు పనులు చేశాడు. యూరియా ఆపి పొటాష్ వేశాడు. దుకాణంలో ఇచ్చిన పూత మందు పది రోజుల ఎడంతో రెండుసార్లు కొట్టాడు. ఫలితం లేదు. ఉండదు కూడా. ఎందుకో కింద వస్తుంది.

తోసిపుచ్చినవి

నత్రజని ఎక్కువైతే పూత వెనకబడుతుంది, ఆకు నల్లబడుతుంది. ఇక్కడా అలాగే కనిపించింది కాబట్టి మొదటి అనుమానం దాని మీదకే పోయింది. కానీ ఎరువు తేడా వస్తే అది సాళ్ల వెంబడి వస్తుంది, లేదా నీటికాలువ వెంబడి వస్తుంది. ఇక్కడ పూసినవాటికీ పూయనివాటికీ మధ్య గీత సాళ్లను అడ్డంగా కోసుకుంటూ పోయింది. ఒకే సాలులో మొదటి ఇరవై మొక్కలు ఆకు మీదే ఉంటే, తర్వాతవి మొగ్గ మీద ఉన్నాయి.

మొగ్గతొలిచే పురుగు అయితే తొలిచిన రంధ్రాలు, రెట్ట కనిపించాలి. పూయని మొక్కల కొనచిగుళ్లు పది కోసి, ఆకులు ఒక్కొక్కటీ ఒలిచి, పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దంతో చూస్తే లోపల మొగ్గ పుట్టిన గుర్తే లేదు. పురుగు తినడానికి అక్కడ ఏమీ లేదు. తెగులు వల్ల వచ్చే గిడసబారుతనమైతే మొక్క కుంగాలి, ఇవి పెరిగాయి. వేరే రకం పిలకలు కలిశాయా అంటే, అన్నీ ఒకే తల్లిమడి నుంచి తీసి వరసగా నాటినవి. కలిసినా సాలు పొడవునా ఉంటాయి, లేదా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. ఇలా ఒక్క మూలనే ముద్దగా ఉండవు.

గీత ఆకారం చూశాక అనుమానం నేల మీదనుంచి పైకి పోయింది. రోడ్డు మలుపులో ఉన్న వీధి దీపం స్తంభం మొదట్లో టేపు ఒక కొన పట్టుకొని రెండో కొనతో గీత వెంబడి నడిస్తే, ఎక్కడ నిలబడ్డా పది మీటర్లకు అటూ ఇటూ. స్తంభం నడుమగా చుట్టిన వలయంలో ఒక ముక్క అది. ఆగస్టులో ఆ స్తంభానికి పాత మసక దీపం తీసి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టారు. అది పొద్దుగూకింది మొదలు తెల్లవారే దాకా వెలుగుతుంది. కిందటేడు వరకు ఇదే మూల అందరితో పాటే పూసేది.

తిరుగులేని సాక్ష్యం మాత్రం రైతు ఇల్లాలి కంట పడింది. "వామి నీడన ఉన్నవే పూశాయి బాబూ, మిగతావి ఆకేసుకు కూచున్నాయి" అంది. ఆ మాట నిజం. గట్టు మీద పాత గడ్డివామి ఉంది. దీపం వెలుగు దాని వెనక పడదు. పూయని వలయం లోపలే, వామి వెనక ముక్కోణంలా పరుచుకున్న చీకట్లో ఉన్న మొక్కలన్నీ మొగ్గ తొడిగాయి. ఎరువు, పురుగు, రకం, నీరు ఇవేవీ వామి నీడ ఆకారంలో పనిచేయవు.

మరో రెండు గుర్తులు గట్టు మీదే దొరికాయి. స్తంభం దగ్గర గోంగూర మొక్కలకు పువ్వు లేదు. ముప్పై మీటర్ల అవతల అదే విత్తనపు గోంగూర పూసి కాయ కట్టింది. స్తంభం కిందే ఉన్న టమాటా మాత్రం మామూలుగా పూసింది. గోంగూర, చేమంతి రెండూ రాత్రి పొడుగైతేనే పూసే జాతి. టమాటాకు ఆ పట్టింపు లేదు. మూడింటినీ పక్కపక్కన పెడితే రోగనిర్ధారణ ముగిసినట్టే. పూలతోటలో తేడా కనిపించిన ప్రతిచోటా గట్టు మీది మొక్కలనూ చూడటం అలవాటు చేసుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

మొక్క కొలిచే రాత్రి ఎక్కడినుంచి వస్తుంది

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రి వస్తుంది. ఆ ఇరుసు నిట్టనిలువుగా ఉండి ఉంటే ఏడాది పొడవునా ఏ ఊళ్లోనైనా రాత్రి దాదాపు పన్నెండు గంటలే. చేమంతికి ఆగస్టుకూ డిసెంబరుకూ తేడా తెలిసేది కాదు. ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది, ఆ వాలు ఒకే దిక్కుకు నిలిచి ఉండగా భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఒక కొబ్బరికాయకు చీపురుపుల్ల గుచ్చి, పుల్లను కొద్దిగా వాల్చి, నడుమ పెట్టిన దీపం చుట్టూ పుల్ల దిక్కు మారకుండా తిప్పితే ఇది కళ్లకు కడుతుంది. ఒక పక్కన ఉన్నప్పుడు పైభాగం దీపం వైపు ఒరుగుతుంది, ఎదుటి పక్కకు వచ్చేసరికి దూరంగా ఒరుగుతుంది. పిల్లలకైనా రైతుకైనా ఇంతకంటే తేలిగ్గా చెప్పే దారి లేదు. కాయ దీపం చుట్టూ తిరిగే కొద్దీ పుల్ల దిక్కునూ మార్చేస్తేనే అంతా తప్పుతుంది. చాలా మంది చేసే పొరపాటు అదే.

చలికాలం సూర్యుడికి దూరం కావడం వల్ల వస్తుందనే నమ్మకం ఇంకా వినిపిస్తుంది. నిజానికి భూమి సూర్యుడికి దగ్గరగా, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చేది జనవరి మొదటి వారంలో. 15.21 కోట్ల కిలోమీటర్ల దూరానికి పోయేది జూలై మొదటి వారంలో. మనకు చలి, పొడుగు రాత్రి, దగ్గరి సూర్యుడు ఒకేసారి వస్తాయి.

పర్లాకిమిడి సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ అక్షాంశానికి పగటి లెక్క ఇలా వస్తుంది. జూన్ 21న 13 గంటల 16 నిమిషాలు. ఆగస్టు 1న 12 గంటల 58 నిమిషాలు. సెప్టెంబరు 1న 12.30. అక్టోబరు 1న 11.58. నవంబరు 1న 11.27. డిసెంబరు 21న సరిగ్గా 11 గంటలు. ఏడాదంతా కలిపి తేడా 2 గంటల 16 నిమిషాలే. ఆగస్టు చివరినుంచి రోజుకు నిమిషం పైచిలుకు తగ్గుతుంది. జూన్, డిసెంబరు చివర్లలో రోజుకు కొన్ని సెకన్లే మారుతుంది. ఇంత సన్నని తేడాను చేమంతి పట్టుకుంటుంది.

ఈ వాలును పొలంలోనే చూడాలంటే ఒక మీటరు కర్ర చాలు. సమంగా చదును చేసిన నేలలో తూకపు గుండు వేసి నిలువుగా పాతాలి. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే అసలు మధ్యాహ్నం. అక్టోబరు 14న అది గడియారంలో 11.40 ప్రాంతంలో వచ్చింది, నీడ పొడవు 51 సెంటీమీటర్లు. మార్చి, సెప్టెంబరు సమరాత్రి రోజుల్లో 34, డిసెంబరు 21న 91 సెంటీమీటర్లు రావాలి. జూన్ 21న నీడ దక్షిణానికి తిరిగి 8 సెంటీమీటర్లు ఉంటుంది. మే 15 ప్రాంతంలోనూ జూలై 28 ప్రాంతంలోనూ నీడే ఉండదు. గడియారం 12 కొట్టినప్పుడు కొలిస్తే ఈ అంకెలు రావు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పర్లాకిమిడి 84.1 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఆరు నిమిషాలు ముందే మధ్యాహ్నం వస్తుంది. భూమి కక్ష్య కోడిగుడ్డు వాటం వల్లా, ఇరుసు వాలు వల్లా అక్టోబరులో మరో 14 నిమిషాలు ముందుకు జరుగుతుంది. అందుకే 11.30 నుంచి పది నిమిషాలకొకసారి నీడ కొన దగ్గర మేకు గుచ్చుతూ పోయి, అన్నిటికంటే దగ్గరి మేకును తీసుకోవాలి.

ఇక మొక్క లోపలి సంగతి. 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పొగాకు రకాన్ని సాయంత్రాలు చీకటి గదిలోకి నెట్టి, పగలు పొట్టిదైతేనే అది పూస్తుందని చూపారు. 1938లో హామ్నర్, బానర్ ఇంకో అడుగు వేసి, పొడుగు రాత్రి నడుమ కొద్దిసేపు వెలుగు వేస్తే పూత ఆగిపోతుందని తేల్చారు. పగటి మధ్యలో చీకటి చేస్తే ఏమీ కాదు. అంటే మొక్క కొలిచేది ఎడతెగని చీకటిని. దాన్ని కొలిచేది ఆకు, పూసేది కొన. 1930లలో రష్యాలో చైలఖ్యాన్ చేమంతి మీదే ఇది చూపాడు. ఆకులకు పొడుగు రాత్రి ఇచ్చి, కొనను వెలుగులో ఉంచినా పూసింది. ఆకు నుంచి కొనకు ఒక సందేశం పోతుందని, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. చేమంతిలో ఆ పూత సందేశంతో పాటు పూత వద్దని చెప్పే మరో ప్రోటీన్ కూడా ఉందని 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు. రాత్రి నడుమ వెలుగు పడితే ఆకులో తయారయ్యేది ఆ వద్దనే ప్రోటీన్. ఆకులో వెలుగును పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే వర్ణకం, అది ఎక్కువగా స్పందించేది 660 నానోమీటర్ల ఎర్ర వెలుగుకు. తెల్ల ఎల్‌ఈడీలో ఆ ఎరుపు కావలసినంత ఉంది.

పూత మందు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమవుతుంది. మొక్కకు బలం తక్కువ కాలేదు, కబురు అందలేదు. ఆ మూలకు ఇంకా జ్యేష్ఠమాసపు పొట్టి రాత్రే నడుస్తోంది.

పున్నమి వెన్నెల ఎందుకు చెడగొట్టదని రైతులు తప్పక అడుగుతారు. నిండు వెన్నెల నేల మీద 0.3 లక్స్ (వెలుగును కొలిచే కొలమానం) దాటదు. లక్స్ మీటరును మొక్క కొన ఎత్తులో, ముఖం పైకి పెట్టి కొలిస్తే స్తంభం దగ్గర 20కి కాస్త అటూ ఇటూ వచ్చింది, గీత దగ్గర 3. వామి వెనక మీటరు సున్నా దగ్గరే నిలిచింది. మొబైల్‌లో ఉండే లక్స్ యాప్ ఇంత తక్కువ వెలుగులో నమ్మదగింది కాదు. ఒకే చోట రెండు ఫోన్లు రెండు అంకెలు చూపుతాయి.

గీత దగ్గర రెండు మీటర్ల మేర మొక్కలు వేరే రూపంలో ఉన్నాయి. మొగ్గ పుట్టి ఆగిపోయింది, దాని చుట్టూ సన్నని పట్టీల్లాంటి ఆకులు. గ్రీన్‌హౌసు చేమంతుల లెక్కల్లో, మొగ్గ పుట్టడానికి పగలు పద్నాలుగున్నర గంటల లోపు ఉంటే చాలు, ఆ మొగ్గ పువ్వుగా ఎదగాలంటే పదమూడున్నర లోపు ఉండాలి. ఈ రెండింటి నడుమ చిక్కిన మొక్కే ఇలా తయారవుతుంది. మన అక్షాంశంలో ఇది దీపం లేకుండానే జరిగే ముప్పు. సూర్యాస్తమయం తర్వాతా ఉదయానికి ముందూ ఉండే సంధ్యవెలుగు రెండు పూటలా కలిపి ముప్పావు గంట. మొక్క దాన్నీ పగటి కిందే జమ కడుతుందనుకుంటే జూన్‌లో మన పగలు 14 గంటలు. మొగ్గ పుట్టగలదు, ఎదగలేదు. తలలు తుంచడం కొమ్మల కోసమే అనుకుంటారు గాని, ఇలా అకాలంలో పుట్టిన మొగ్గను తీసేయడం కూడా అందులో జరిగిపోతుంది. ఆగస్టు మధ్యకు పగలు, సంధ్య కలిపి పదమూడున్నరకు దిగుతాయి. అక్కడినుంచి తొమ్మిది వారాలు లెక్కపెడితే అక్టోబరు మూడో వారం. ఈ రకం తన మామూలు ఏళ్లలో పూసే వేళ అదే.

పరీక్ష, సరిదిద్దిన తీరు

అనుమానాన్ని రుజువు చేయకుండా రోడ్డు దీపం మీద చెయ్యి వేయడం సబబు కాదు. ఆ మలుపులో వానాకాలం పాములు తిరుగుతాయి, పొద్దుపోయాక ఆడవాళ్లు పని నుంచి నడిచి వచ్చే దారి అది. దీపం ఉండాలి, మడికి చీకటీ ఉండాలి.

ఇరవై మొక్కల చొప్పున మూడు గుంపులకు రంగు దారాలు కట్టాం. మొదటిది స్తంభానికి దగ్గర, ఏమీ చేయకుండా వదిలింది. రెండోది దాని పక్కనే, వెదురు బద్దల చట్రం మీద రెండు మడతల నల్లగుడ్డ కప్పింది. మూడోది దూరపు చీకటి మూల. అక్టోబరు 14 నుంచి రోజూ సాయంత్రం 5.30కి కప్పి, తెల్లవారి 6కి తీశారు. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూస్తే వేళ్లు కనిపించకూడదు. అదే ఒప్పుకోదగిన చీకటి. ఎండ తగ్గకముందే కప్పితే లోపల వేడి పెరుగుతుంది, 30 డిగ్రీలు దాటిన వేడికి చేమంతి మొగ్గ మరింత వెనకబడుతుంది. పాలిథిన్ పట్టా వేస్తే ఆ బెడద ఎక్కువ, తెల్లారేసరికి లోపల చెమ్మ పట్టి ఆకుమచ్చ వస్తుంది. నేత గుడ్డే మేలు. అంచులు నేలకు ఆనాలి. మూడో రాత్రి ఒక మూల గాలికి లేచి రెండు మొక్కల మీద వెలుగు పడింది, ఆ రెండూ మిగతావాటికంటే ఆలస్యంగా మొగ్గ వేశాయి. ఇటుక రాళ్లు పెట్టాక ఆ ఇబ్బంది లేదు.

మూడు రోజులకొకసారి ఒక్కో గుంపు నుంచి ఒక కొన కోసి భూతద్దంతో చూశాం. ఆకు మీదున్న కొన గుండ్రంగా చిన్న గుబ్బలా ఉంటుంది. మొగ్గకు మళ్లినప్పుడు అది వెడల్పై చదునవుతుంది. కప్పిన గుంపులో ఈ మార్పు రెండో వారంలో కనిపించింది. నవంబరు 6కి కంటికి ఆనే మొగ్గ వచ్చింది. కప్పని గుంపు అప్పటికీ ఆకు మీదే ఉంది.

కొనలో మార్పు పట్టుబడగానే, అక్టోబరు 25న, దీపాలు చూసే సిబ్బంది అనుమతితో స్తంభానికి మడి వైపు రేకు కట్టాం. ఎల్‌ఈడీ పెట్టెకు కింద, పొలం వైపున, 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తున్న రేకు. లోపలి ముఖానికి నల్ల రంగు వేశాం, లేకపోతే అద్దంలా వెలుగును ఎదుటి గట్టు మీదికి విసురుతుంది. రోడ్డు మీద వెలుగు తగ్గలేదు. మడిలో లక్స్ మీటరు ఎక్కడ పెట్టినా ఒకటికి లోపే. దీపం పెట్టె వేడి పోయే రెక్కలకు రేకు తగలకుండా నాలుగు వేళ్ల సందు ఉంచడం మరిచిపోకూడదు. తగిలితే దీపం త్వరగా పాడవుతుంది, అప్పుడు రేకును తీసి పారేస్తారు.

కప్పిన ఇరవై మొక్కలు డిసెంబరు మూడో వారంలో విరిశాయి. రేకు కట్టాక చీకటి చూసిన మిగతా మూల సంక్రాంతి ముందు వారంలో కోతకు వచ్చింది. కార్తీకపు ధర పోయింది, భోగి బేరం దక్కింది. కొమ్మలు పొడుగై కొన్ని ఒరిగాయి కాబట్టి ఆ మూలకు ఊతకర్రలు కట్టాల్సి వచ్చింది.

మొక్కది సూర్యుడి లెక్క, బజారుది చంద్రుడి లెక్క

ఈ కేసు నుంచి పనికొచ్చే సంగతి నష్టం దగ్గర ఆగలేదు. దీపం పూతను వెనక్కి నెట్టగలదంటే, కావలసినప్పుడు కావలసినంత నెట్టనూ గలదు. ఆ అవసరం మన ప్రాంతంలో రెండు మూడేళ్లకొకసారి వస్తుంది.

కార్తీక పౌర్ణమి 2025లో నవంబరు 5న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి నవంబరు 24న వస్తుంది. వినాయక చవితి 2023లో సెప్టెంబరు 18, 2025లో ఆగస్టు 27. ఈ రెండు చవితుల నాటి పగటికి 23 నిమిషాల తేడా ఉంది, 12.12 ఒకటి, 12.35 మరొకటి. పండగ చంద్రుడి వెంట జరుగుతుంది, చేమంతి ఇరుసు వాలు వెంట పూస్తుంది. చవితికి ఇన్ని రోజుల ముందు నాటాలి అని లెక్క వేసుకున్న రైతు ఒక ఏడు నెగ్గి, ఇంకో ఏడు ఓడటానికి కారణం ఇదే.

కార్తెలు మాత్రం సూర్యుడి నడకను బట్టి పెట్టినవి. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర జూన్ 21, 22లో, మఖ ఆగస్టు మధ్యలో ఏటా అదే వేళకు వస్తాయి. రాత్రి పొడుగు చూసి పూసే పంటలకు కార్తె ప్రకారం నాటే పాత పద్ధతే సరైనది. గోగు నారకోసం తొలకరిలోనే ఎందుకు చల్లుతారో, ఆలస్యమైతే పొట్టిగానే పూసి ఎందుకు ముగుస్తుందో దీనితోనే తెలుస్తుంది. పాత పొడుగు వరి రకాలు ఎప్పుడు ఊడ్చినా చలి మొదట్లోనే ఈనేవి. 1966లో వచ్చిన ఐఆర్‌8 వంటి రకాలకు ఆ పట్టింపు తక్కువ కావడం వల్లే దాళ్వా పంట విరివిగా సాధ్యమైంది. ఒడియాలో దాన్నే డాలువ అంటారు.

సంక్రాంతి విషయంలో మాత్రం ఒక సవరణ అవసరం. పగలు పెరగడం జనవరి 14న మొదలు కాదు, డిసెంబరు 22న మొదలవుతుంది. భూమి ఇరుసు బొంగరంలా సుమారు 25,800 ఏళ్లకొక చుట్టు మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ ఇప్పుడు ఇరవై రోజులకు పైగా ఎడం వచ్చింది. ఒడియావాళ్ల మహావిషువ సంక్రాంతి పేరులో సమరాత్రి ఉన్నా, ఏప్రిల్ 14న వచ్చేది అందుకే. అసలు విషువం మార్చి 20, 21లోనే పోయి ఉంటుంది.

2026 కార్తీకానికి దీపాల లెక్క

కార్తీకం నవంబరు 10న మొదలవుతుంది. కోత నవంబరు 8కి అందాలి. ఈ రకానికి చీకటి మొదలైన తర్వాత తొమ్మిది వారాలు కావాలి. వెనక్కి లెక్కిస్తే దీపాలు ఆపాల్సింది సెప్టెంబరు 6. తలలు తుంచే ఆగస్టు 1 నుంచి ఆ రోజు దాకా 37 రాత్రులు వెలుగు వేయాలి.

9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బులు రెండున్నర మీటర్లకొకటి, మొక్క కొనకు ఒకటిన్నర మీటరు ఎత్తులో కట్టాలి. 12 సెంట్లకు 78 పడతాయి, అంటే సుమారు 700 వాట్లు. రాత్రి 10.30 నుంచి 2.30 దాకా నాలుగు గంటలు వెలిగితే రోజుకు 2.8 యూనిట్లు, మొత్తం మీద 104. పొద్దుగూకగానే వెలిగించి నాలుగు గంటలకు ఆపేస్తే ఫలితం తగ్గుతుంది. వెలుగు రాత్రి నడుమ పడితేనే మిగిలిన రెండు చీకటి ముక్కలూ పొట్టివవుతాయి. బల్బు కింద కాకుండా, నాలుగు బల్బుల నడుమ అతి మసకగా ఉన్న చోట లక్స్ కొలవాలి, అక్కడ 50కి తగ్గకూడదు. గ్రీన్‌హౌసుల్లో పాటించే కొలత 100. మూడు లక్స్ దగ్గర ఏమవుతుందో ఈ మడి గీతే చూపింది: సగం మొగ్గ, సగం ఆకు. ఆరుబయట కట్టే లైను కాబట్టి నీరు చొరని హోల్డర్లు, లీకేజీ వస్తే కొట్టేసే బ్రేకరు తప్పనిసరి. ఆగస్టు వానల్లో తడి మడిలో నడిచేది మనుషులే.

చెడేది ఎక్కువగా కరెంటు దగ్గర. వరసగా నాలుగైదు రాత్రులు సరఫరా నడిరాత్రి పోతే మొక్క మొగ్గకు మళ్లుతుంది, తిరిగి వెలుగు రాగానే ఆగుతుంది, పట్టీ ఆకుల మొగ్గ మిగులుతుంది. కరెంటు వచ్చాక టైమరు తన గడియారం మరిచిపోయి పగలు వెలిగించడం ఇంకో సమస్య. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే తీసుకోవాలి, వారానికొకసారి నడిరాత్రి వెళ్లి చూడాలి. పక్క రైతు మడిలో చేమంతి ఉంటే మన దీపాలు అతనికి వీధి దీపాలే అవుతాయి. గట్టు వెంబడి నల్లగుడ్డ తెర కట్టకుండా మొదలుపెట్టకూడదు.

తొమ్మిది వారాలన్నది ఈ పసుపు రకానికి, ఈ మడికి వచ్చిన లెక్క. వేరే రకం ఆరు వారాలకే విరియవచ్చు, పన్నెండు కూడా తీసుకోవచ్చు. ముందే తేల్చుకోవాలంటే పది కుండీలు దీపం కింద పెంచి, ఒకే రోజు చీకటిలోకి మార్చి, మొదటి పువ్వు విరిసే దాకా రోజులు లెక్కపెట్టాలి.

ఇదే తేదీల పట్టిక కోరాపుట్‌లోనూ, ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచలోనూ పనిచేస్తుంది. మూడు ఊళ్లూ 18.8 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. సిరోంచలో పొద్దు పర్లాకిమిడి కంటే పదహారు నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుంది, అంతే ఆలస్యంగా గూకుతుంది, రాత్రి పొడవు మారదు. అక్కడ టైమరును 10.45కి పెట్టుకుంటే చాలు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది. రాత్రి ఒకటే అయినా మొగ్గ ఎదిగే వేగం వేరుగా ఉంటుంది కాబట్టి కుండీల పరీక్ష అక్కడ మళ్లీ చేయాలి.

వీధి దీపానికి కట్టిన రేకును ఏటా పునర్వసు కార్తెలో ఒకసారి చూడాలి. గాలివానకు మర వదులై పక్కకు తిరిగి ఉంటే ఆగస్టు 15 లోపు సరిచేయాలి. గడ్డివామిని ఆ గట్టు మీదే, ఉన్నచోటే వేయమని చెప్పాం.